మే నెల ఎండలోనూ ఆగకుండా పాడే చిప్ యాంప్లిఫయర్: ఎల్‌ఎం3886తో ఇంట్లోనే స్టీరియో

ఎల్‌ఎం3886 చిప్‌కు 11 కాళ్లు. వాటిలో 2, 6, 11 నంబరు కాళ్లకు ఏ పనీ లేదు. మిగతా ఎనిమిదింటికి తగిలించాల్సినవి తగిలిస్తే పాట వచ్చేస్తుంది. ఇంత సులువు కాబట్టే ఈ చిప్‌తో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. అసలు పరీక్ష తర్వాత వస్తుంది. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం, గది 42 డిగ్రీలు ఉన్నప్పుడు, గంటసేపు గట్టిగా పెట్టినా మూగబోకుండా పాడాలి. పాట ఆపినప్పుడు స్పీకర్‌కు చెవి ఆనించినా గుంయ్ మనకూడదు. ఈ రెండింటినీ తేల్చేవి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి, హీట్ సింక్ (చిప్ వేడిని గాలిలోకి లాగే అల్యూమినియం ముక్క), గ్రౌండ్ (సున్నా వోల్టు) తీగలు పోయే దారి. డబ్బూ ఓపికా వీటిమీద పెట్టండి. ఖరీదైన కెపాసిటర్ల సంగతి తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

ఎంత పవర్ చాలు

మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. 25 వాట్లు ఇస్తే 101 డెసిబెల్స్ వస్తుంది. పన్నెండడుగుల గదిలో అది చెవులకు ఎక్కువే. అన్నమయ్య కీర్తనలు వినడానికి, టీవీకి, చిన్న భజన హాలుకు ఈ యాంప్లిఫయర్ హాయిగా సరిపోతుంది. గంగమ్మ జాతరకూ, ఊళ్లో భారతం ఆడే రాత్రికీ ఇది చాలదు. ఆ పని వేరే యంత్రాలది. గుడి మీద ఉండే హారన్లు, కాలమ్ స్పీకర్లు చాలావరకు 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తాయి. వాటిని ఈ చిప్‌కు నేరుగా తగిలించకండి. లో ఫ్రీక్వెన్సీలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట దాదాపు షార్ట్‌లా కనబడుతుంది, చిప్ తనను తాను కాపాడుకోడానికి టపటపమని కొట్టుకుంటుంది.

వోల్టేజి: మొదటి నిర్ణయం, మార్చలేని నిర్ణయం

ఈ చిప్‌కు ప్లస్, మైనస్ రెండు సప్లైలూ కావాలి. సిగ్నల్ ఉన్నప్పుడు రెండూ కలిపి 84 వోల్టులు దాటకూడదు, అంటే ±42. అది హద్దు మాత్రమే, అక్కడిదాకా పోవాలని కాదు.

షాపులో "24-0-24 ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునేవాళ్లు చాలామంది. లెక్క చూడండి. 24ను 1.414తో గుణిస్తే 34, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో ఒక వోల్టు పోతే 33. కాగితం మీద బాగానే ఉంది. అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 24 ఫుల్ లోడ్‌లో వచ్చేది. లోడ్ లేనప్పుడు 8 శాతం దాకా ఎక్కువ ఇస్తుంది. దానికి తోడు అర్ధరాత్రి మోటార్లన్నీ ఆగాక లైను 250 వోల్టులకు ఎక్కిందనుకోండి, డీసీ ±39 దగ్గర తేలుతుంది. హద్దుకు మూడు వోల్టులే మిగిలింది. ఆ వోల్టేజిలో 4 ఓమ్‌ల స్పీకర్ పెడితే చిప్‌లో పుట్టే వేడిని ఏ హీట్ సింకూ లాగలేదు.

అందుకే ఈ మార్గదర్శి 18-0-18, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. లోడ్ లేనప్పుడు ±26 దగ్గర, పాట గట్టిగా ఉన్నప్పుడు ±24 దగ్గర ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు చానల్‌కు 25 వాట్లు, 4 ఓమ్‌లకు 40 వాట్ల చుట్టుపక్కల వస్తుంది. రెండు రకాల స్పీకర్లకూ నిశ్చింత. ఎప్పటికీ 8 ఓమ్‌లే వాడతామని గట్టిగా తెలిసినవాళ్లు 22-0-22 చుట్టించుకోవచ్చు. వైండింగ్ చేసేవాళ్లు అడిగిన వోల్టేజికి చుట్టి ఇస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు చేతిలో పట్టుకుని బరువు చూడండి. 36 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 180 వీఏ (వోల్ట్ ఆంపియర్లు). రాగి చుట్టతో, మామూలు ఇనప రేకుల కోర్‌తో ఇంత సైజు ట్రాన్స్‌ఫార్మర్ రెండున్నర కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. కిలోన్నరే ఉండి, పైన 5 ఆంపియర్లని స్టిక్కర్ ఉంటే ఆ స్టిక్కర్‌ను నమ్మకండి. తీగ కొసను బ్లేడుతో గీకి చూస్తే రాగో, అల్యూమినియమో తెలిసిపోతుంది.

హీట్ సింక్ లెక్క

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు 25 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన గదికి ఆ లెక్క పనికిరాదు.

చిప్‌లో పుట్టే గరిష్ఠ వేడికి సూత్రం ఇది: మొత్తం సప్లై వోల్టేజి వర్గాన్ని, 19.7నూ స్పీకర్ ఓమ్‌లనూ గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. ±25 అంటే మొత్తం 50, దాని వర్గం 2500. 8 ఓమ్‌లకైతే దాదాపు 16 వాట్లు, 4 ఓమ్‌లకైతే 32 వాట్లు. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు చిప్ తాగే 50 మిల్లీఆంపియర్ల వల్ల ఇంకో రెండున్నర వాట్లు కలపండి. 4 ఓమ్‌లకు ఒక్కో చిప్ 34 వాట్ల వేడి అన్నమాట. అదే ±35తో 4 ఓమ్‌లైతే 65 వాట్లు దాటుతుంది. పైన వద్దన్నది ఇందుకే.

చిప్ లోపలి సిలికాన్ 150 డిగ్రీలు దాటకూడదు. బయట 42 ఉంటే పెట్టె లోపల 50 అనుకోవడం న్యాయం. మిగిలింది 100 డిగ్రీలు. 100ని 34తో భాగిస్తే ఒక వాట్‌కు 2.9 డిగ్రీలు. ఇందులో చిప్ లోపలి నుంచి దాని లోహపు వీపు దాకా 1 డిగ్రీ, చిప్‌కూ సింక్‌కూ మధ్య కరెంటు పోకుండా వేసే అబ్రకం రేకుకూ, వేడి దాటించే పేస్టుకూ కలిపి అర డిగ్రీ పోతుంది. హీట్ సింక్‌కు మిగిలింది వాట్‌కు 1.4 డిగ్రీలు, అదీ ఒక్క చానల్‌కు. ఈ అంకె తగ్గేకొద్దీ సింక్ పెద్దదన్నమాట. రెండు చిప్‌లూ ఒకే సింక్ మీద ఉంటే 0.7 ఉన్నది కావాలి. చల్లని దేశంలో 1.9 డిగ్రీలదానితో నెగ్గుకొచ్చే పనికి మనకు 1.4ది కావాలని గుర్తుంచుకోండి.

కొలతల్లో చెప్పాలంటే, రెండు చానళ్లకూ కలిపి సుమారు 200 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు, 40 లోతు రెక్కలున్న అల్యూమినియం ముక్క. పాత యూపీఎస్‌లు, చెడిపోయిన ఆడియో రాక్‌లు తుక్కు దుకాణాల్లో దొరుకుతుంటాయి, వాటిలోని సింకులు బాగా పనికొస్తాయి. రెక్కలు నిలువుగా ఉండేట్టు బిగించండి. అడ్డంగా పెడితే వేడిగాలి రెక్కల మధ్యే ఇరుక్కుంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు మాత్రమే వాడేవాళ్లకు ఇందులో సగం సైజు చాలు.

ఈ చిప్ రెండు రూపాల్లో వస్తుంది. చివర "టి" ఉన్నదానికి వీపు లోహం బయటికి కనబడుతుంది, ఆ లోహం మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. "టిఎఫ్" రకానికి వీపంతా ప్లాస్టిక్, అబ్రకం అక్కర్లేదు. సుఖంగా ఉందని టిఎఫ్ కొంటే వేడి బయటికి రావడానికి 1 డిగ్రీకి బదులు 2 డిగ్రీలు అడ్డం. మన ఎండకు "టి" రకమే మేలు. అబ్రకం రేకు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ పెట్టే ఓపిక ఉంటే చాలు.

సామాను

ఒక్కో చానల్‌కు ఇవి కావాలి, స్టీరియోకు రెట్టింపు తెచ్చుకోండి:

- ఎల్‌ఎం3886టి: 1
- 22 కిలోఓమ్‌లు, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు: 2
- 1 కిలోఓమ్, 1 శాతం: 2
- 10 కిలోఓమ్‌లు: 2
- 2.7 ఓమ్‌లు 1 వాట్: 1, 10 ఓమ్‌లు 2 వాట్లు: 1
- 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్: 1
- 0.1 మైక్రోఫారడ్ 100 వోల్టుల ఫిల్మ్: 3
- 220 పీకోఫారడ్ సిరామిక్: 1
- 47 మైక్రోఫారడ్ 50 వోల్టులు: 1, 100 మైక్రోఫారడ్ 50 వోల్టులు: 1, 470 మైక్రోఫారడ్ 50 వోల్టులు: 2
- 18 గేజి ఎనామెల్ రాగి తీగ: అర మీటరు

రెండు చానళ్లకూ కలిపి: ట్రాన్స్‌ఫార్మర్, 25 ఆంపియర్ల లోహపు బ్రిడ్జి రెండు, 10,000 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్లు రెండు, 2.2 కిలోఓమ్ 1 వాట్ రెసిస్టర్లు రెండు, 10 ఓమ్ 5 వాట్ రెసిస్టర్ ఒకటి, 20 కిలోఓమ్ డబుల్ వాల్యూమ్ కంట్రోల్, 1.6 ఆంపియర్ స్లో బ్లో ఫ్యూజు హోల్డర్‌తో సహా, ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే స్విచ్, మూడు పిన్నుల ఇన్‌లెట్, రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు. పరీక్షలకు ఇంకో రెండు 10 ఓమ్ 5 వాట్ రెసిస్టర్లు. 4 ఓమ్‌ల స్పీకర్లయితే పెద్ద కెపాసిటర్లు సప్లైకి రెండేసి వేయండి.

వాల్యూమ్ కంట్రోల్ "లాగ్" రకమని అడిగి తీసుకోండి. లీనియర్ ఇస్తే నాబ్ కొంచెం తిప్పగానే సౌండంతా వచ్చేసి, మిగతా తిప్పుడంతా దండగ అవుతుంది. కెపాసిటర్లను కౌంటర్ దగ్గర కండెన్సర్లనే అడగండి, అదే పేరు నడుస్తుంది.

చిప్ ఒక్కటీ మాత్రం జాగ్రత్త. ఎల్‌ఎం3886కు నకిలీలు ఎక్కువ. తిరుపతి, చిత్తూరు నుంచి చాలామంది చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్తారు, అక్కడైనా రేటు మరీ తక్కువ చెబితే ఆలోచించండి. పైన అక్షరాలు గుడ్డతో తుడిస్తే చెరిగేవి, ముఖం ఇసుక కాగితం పెట్టినట్టు గరుకుగా ఉన్నవి వదిలేయండి. పెద్ద విడిభాగాల కంపెనీల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించడమే మంచి దారి.

చిప్ చుట్టూ ఏది ఎక్కడ

చిప్ ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉన్నప్పుడు ఎడమ నుంచి 1. కాళ్లు రెండు వరుసలుగా వంగి ఉంటాయి, బేసి నంబర్లు ఒక వరుస, సరి నంబర్లు ఇంకో వరుస. లెక్కపెట్టేటప్పుడు ఒక వరుసనే చూసి పొరబడటం అందరూ చేసే తప్పు.

1, 5 కాళ్లు రెండూ ప్లస్ సప్లై. రెండింటినీ కలపాలి. 4 మైనస్ సప్లై. 3 అవుట్‌పుట్. 7 గ్రౌండ్. 8 మ్యూట్. 9 ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, 10 నాన్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్.

సిగ్నల్ దారి: వాల్యూమ్ కంట్రోల్ నుంచి 2.2 మైక్రోఫారడ్, దాని తర్వాత 22 కిలోఓమ్ సిగ్నల్ గ్రౌండ్‌కు (సిగ్నల్ గ్రౌండ్, పవర్ గ్రౌండ్ తేడా కింద గ్రౌండ్ తీగల దగ్గర ఉంది), అక్కడి నుంచి 1 కిలోఓమ్ మీదుగా 10వ కాలికి. 10వ కాలి దగ్గరే 220 పీకోఫారడ్ గ్రౌండ్‌కు. ఆ చిన్న కెపాసిటర్ లేకపోతే పక్కన ఫోన్ మోగబోయే ముందు స్పీకర్లో టకటక వినబడుతుంది.

ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత ఇన్‌పుట్‌కు తిరిగిచ్చే దారి): 3 నుంచి 9కి 22 కిలోఓమ్. 9 నుంచి 1 కిలోఓమ్, 47 మైక్రోఫారడ్ వరుసగా సిగ్నల్ గ్రౌండ్‌కు. దీంతో గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 23 వస్తుంది. ఫోన్ నుంచి 0.6 వోల్టు వస్తే 8 ఓమ్‌లకు ఫుల్ పవర్ అందుతుంది. గెయిన్ తగ్గిద్దామని 22 కిలోఓమ్‌ను చిన్నది చేయకండి, 10 కంటే తక్కువ గెయిన్‌లో ఈ చిప్ నిలకడగా ఉండదు, తనంతట తానే ఆసిలేట్ అయ్యి (పాట లేకున్నా తనలో తానే కంపించి) కాలుతుంది. ఇన్‌పుట్‌లోనూ ఫీడ్‌బ్యాక్‌లోనూ అదే 22 కిలోఓమ్ వాడటానికీ కారణముంది: రెండు కాళ్లకూ ఒకే రెసిస్టెన్స్ కనబడితే అవుట్‌పుట్‌లో డీసీ తక్కువ మిగులుతుంది.

మ్యూట్ దగ్గర చాలామంది తికమకపడతారు. 8వ కాలి నుంచి కనీసం అర మిల్లీఆంపియర్ బయటికి లాగితేనే చిప్ నోరు తెరుస్తుంది. 8 నుంచి మైనస్ సప్లైకి రెండు 10 కిలోఓమ్‌లు వరుసగా పెట్టండి, ఒక మిల్లీఆంపియర్ పైనే పోతుంది. ఆ రెండింటి నడుమ నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్. ఇది నెమ్మదిగా నిండుతుంది కాబట్టి ఆన్ చేసినప్పుడు స్పీకర్లో "ధబ్" మనదు. ఆ నడిమి చోటు మైనస్‌లో ఉంటుంది, కాబట్టి కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కే రావాలి. అలవాటు చొప్పున మైనస్ కాలును గ్రౌండ్‌కు వేస్తే అది ఉబ్బిపోతుంది.

అవుట్‌పుట్: 3వ కాలి నుంచి 2.7 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ వరుసగా పవర్ గ్రౌండ్‌కు. తర్వాత స్పీకర్‌కు పోయే దారిలో కాయిల్. 10 మిల్లీమీటర్ల లావు పెన్ను మీద 18 గేజి తీగను పక్కపక్కనే 10 చుట్లు చుడితే 0.7 మైక్రోహెన్రీ వస్తుంది, మనకు కావాల్సింది సరిగ్గా అంతే. పెన్ను తీసేసి ఆ సందులో 10 ఓమ్ 2 వాట్ రెసిస్టర్ దూర్చి రెండు కొసలూ కాయిల్‌కే సోల్డర్ చేయండి. ఎనామెల్‌ను బ్లేడుతో పూర్తిగా గీకాలి, లేకపోతే సోల్డర్ అంటినట్టే ఉండి కరెంటు పోదు.

సప్లై కెపాసిటర్లు: ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 470 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్, మైనస్‌కూ అంతే. 0.1 చిప్ కాళ్లకు అతుక్కున్నట్టు ఉండాలి. సెంటీమీటరు దూరమే ఎక్కువ. బోర్డు అందంగా కనబడాలని వీటిని ఒక మూలకు చేర్చడం ఆసిలేషన్‌ను పిలిచి కూర్చోబెట్టడమే.

సోల్డరింగ్‌కు 25 వాట్ల ఐరన్ బోర్డుకు, 60 వాట్లది పెద్ద కెపాసిటర్లకూ గ్రౌండ్ తీగలకూ. సన్న ఐరన్‌తో లావు తీగ అతికిస్తే పైకి మెరుస్తుంది, లోపల డ్రై సోల్డర్, అంటే సరిగా అంటని అతుకు.

గ్రౌండ్ తీగలు: హమ్ (గుంయ్ మనే మోత) పుట్టేదీ పోయేదీ ఇక్కడే

ట్రాన్స్‌ఫార్మర్ నడిమి తీగ రెండు పెద్ద కెపాసిటర్లు కలిసే చోటికి వస్తుంది. సెకనుకు 100 సార్లు ఆ దారిలో పెద్ద పెద్ద కరెంటు పోట్లు పరుగెడతాయి. ఆ తీగ మీద ఎక్కడైనా సిగ్నల్ గ్రౌండ్ తగిలిస్తే ఆ పోట్లన్నీ పాటలో కలిసి "జ్ జ్" మంటాయి. కెపాసిటర్లు కలిసిన చోటు నుంచి లావు తీగ ఒకటి ఐదారు సెంటీమీటర్లు ముందుకు తెచ్చి, దాని కొసను స్టార్ పాయింట్ చేసుకోండి. ఒక బోల్టు, దాని మీద ట్యాగులు చాలు. కింది తీగలన్నీ విడివిడిగా అక్కడికే రావాలి: రెండు స్పీకర్ల మైనస్‌లు, రెండు బోర్డుల పవర్ గ్రౌండ్, రెండు బోర్డుల సిగ్నల్ గ్రౌండ్. చిప్ 7వ కాలు, 470 కెపాసిటర్లు, 2.7 ఓమ్ దారి పవర్ గ్రౌండ్‌కు. 22 కిలోఓమ్, 47 మైక్రోఫారడ్, 220 పీకోఫారడ్, ఇన్‌పుట్ సాకెట్ సిగ్నల్ గ్రౌండ్‌కు. ఇన్‌పుట్ సాకెట్ల లోహం పెట్టెకు తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వేయండి.

మెయిన్స్ ఎర్త్ తీగ నేరుగా ఇనప పెట్టెకు, పెయింట్ గీకి, బోల్టుతో. ఇందులో రాజీ లేదు. స్టార్ పాయింట్‌ను పెట్టెకు నేరుగా కలపకుండా 10 ఓమ్ 5 వాట్ రెసిస్టర్ ద్వారా కలపండి. దానికి అడ్డంగా రెండో బ్రిడ్జిని పెట్టండి: బ్రిడ్జి ప్లస్, మైనస్ కాళ్లు రెండూ ఒకదానికొకటి కలిపి, ఏసీ కాళ్లలో ఒకటి స్టార్‌కు, ఇంకోటి పెట్టెకు. కేబుల్ టీవీ బాక్స్ తగిలించగానే వచ్చే హమ్‌ను రెసిస్టర్ అడ్డుకుంటుంది, లోపల ఎక్కడైనా ఫేజు తగిలితే బ్రిడ్జి దాన్ని ఎర్త్‌లోకి పంపి ఫ్యూజు కొట్టిస్తుంది. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసే చిట్కా ప్రాణాలమీదికి తెస్తుంది.

చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గాని దాని వెనక తీగ ఉండదు. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి, 230 దగ్గర రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. రాకపోతే యాంప్లిఫయర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ తీగలను మెలిపెట్టండి. ఇన్‌పుట్ సాకెట్లను, వాల్యూమ్‌ను దానికి ఎంత దూరం వీలైతే అంత దూరం పెట్టండి. పెట్టె మూత మూసే ముందు గాలి రంధ్రాలకు లోపలివైపు సన్న జాలీ అతికించండి. వెచ్చటి చోటని బల్లి దూరుతుంది, రెండు కాళ్ల మధ్య పడుకుంటుంది. చివరికి చచ్చేది బల్లీ, చిప్పూ రెండూ.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

సిరీస్ బల్బు లేకుండా ఈ పని చేయకండి. ఫేజు తీగలో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వరుసగా పెట్టాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

1. చిప్ బోర్డులు తగిలించకుండా సప్లై ఒక్కటే ఆన్ చేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే బ్రిడ్జి తప్పుగా వేశారు, లేదా కెపాసిటర్ తిరగేశారు. స్టార్ పాయింట్ నుంచి చూస్తే ప్లస్ 26, మైనస్ 26 దగ్గర, రెండింటికీ అర వోల్టు లోపే తేడా.

2. ఆపండి. పెద్ద కెపాసిటర్లకు అడ్డంగా వేసిన 2.2 కిలోఓమ్‌లు వాటిని ఖాళీ చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒక వోల్టు కంటే తగ్గిందని మీటర్‌లో చూశాకే చెయ్యి పెట్టండి.

3. చిప్‌ను సింక్‌కు బిగించాక, కరెంటు లేనప్పుడే, 4వ కాలికీ సింక్‌కూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. మీటర్ ఏ కలయికా చూపకూడదు, ఓపెన్ అని ఉండాలి. చూపితే అబ్రకం చిరిగింది, లేదా స్క్రూ రంధ్రం అంచున డ్రిల్ చేసినప్పటి లోహపు మొన మిగిలి గుచ్చుకుంది. పేస్టు పలచగా రాయండి, దట్టంగా రాస్తే వేడికి అదే అడ్డం.

4. ఒక బోర్డుకు మాత్రమే సప్లై ఇవ్వండి, ప్లస్‌లో ఒకటి, మైనస్‌లో ఒకటి 10 ఓమ్ 5 వాట్ రెసిస్టర్ల మీదుగా. ఇన్‌పుట్ గ్రౌండ్‌కు షార్ట్, స్పీకర్ లేదు. ఒక్కో రెసిస్టర్ మీద వోల్టేజి అర వోల్టు దగ్గర ఉంటే చిప్ 50 మిల్లీఆంపియర్లు తాగుతోంది, సరిగ్గా ఉంది. 0.85 దాటితే ఆపేయండి.

5. అవుట్‌పుట్‌కూ స్టార్‌కూ మధ్య డీసీ 50 మిల్లీవోల్టుల లోపు. మామూలుగా పది, ఇరవై ఉంటుంది. వోల్టుల్లో ఉంటే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ సరిగా అంటిందో లేదో చూడండి. అది బాగుంటే చిప్ మీద అనుమానం.

6. రెసిస్టర్లు తీసేసి, పాత స్పీకర్ ఒకటి తగిలించి, చిన్నగా పాట పెట్టండి. తర్వాత రెండో బోర్డు. ఆఖరున సిరీస్ బల్బు తీసేయండి.

స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డును అనవసర ఖర్చని వదలకండి. చిప్ షార్ట్ అయితే 25 వోల్టుల డీసీ స్పీకర్ మీద పడుతుంది. 8 ఓమ్‌లకు అది 78 వాట్లు, ఆగకుండా. వాయిస్ కాయిల్ కాలిన వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

తేడా చేస్తే ఎక్కడ చూడాలి

హమ్‌ను ముందు చెవితో గుర్తుపట్టండి. మెత్తగా, లోతుగా "మ్‌మ్" అంటే 50 హెర్ట్జ్. ఇన్‌పుట్ తీగ షీల్డ్ తెగి ఉంటుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్‌కు దగ్గరగా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను కొంచెం తిప్పి చూస్తే తగ్గుతుంది. గరగరలాడుతూ ఉంటే 100 హెర్ట్జ్, గ్రౌండ్ తీగ తప్పు చోట కలిసింది. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా మారకపోతే తప్పు బోర్డులో లేదా స్టార్‌లో ఉంది. వాల్యూమ్‌తోపాటు పెరిగితే అంతకు ముందే ఉంది.

సౌండే లేదు, సప్లైలు బాగున్నాయి అంటే 8వ కాలు చూడండి. మైనస్ రెండున్నర వోల్టుల దగ్గర ఉండాలి. సున్నా ఉంటే మ్యూట్ రెసిస్టర్ల దారి ఎక్కడో తెగింది.

గట్టిగా పెట్టినప్పుడే చిటపటలు వచ్చి, తగ్గించగానే పోతున్నాయంటే చిప్ తన రక్షణ సర్క్యూట్‌లోకి పోతోంది. స్పీకర్ 4 ఓమ్‌ల కంటే తక్కువో, రెండు స్పీకర్లు ఒకే చానల్‌కు కలిపారో చూడండి. గంట పాడాక పూర్తిగా ఆగి, కాసేపటికి తిరిగి మొదలైతే అది వేడి: సిలికాన్ 165 డిగ్రీలకు చేరితే ఆగుతుంది, 155కు దిగితే లేస్తుంది. సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే సింక్ చిన్నది. సింక్ గోరువెచ్చగా ఉండి చిప్ ఆగిపోతుంటే అబ్రకం దగ్గర పేస్టు సరిగా లేదు, స్క్రూ వదులు.

పాట లేకుండానే చిప్ వేడెక్కుతోంది, 2.7 ఓమ్ రెసిస్టర్ ముట్టుకుంటే కాలుతోంది అంటే ఆసిలేషన్. చౌక మీటర్‌లో ఇది కనబడదు. 0.1 కెపాసిటర్లను చిప్ కాళ్లకు ఇంకా దగ్గరికి జరపండి, 1, 5 కాళ్లు కలిశాయో లేదో చూడండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ, సౌండు ముందే పగులుతుంటే యాంప్లిఫయర్‌ను విప్పకండి. చతురస్ర తరంగం ఇచ్చే ఇన్వర్టర్ అది. దాని శిఖరం సైన్ తరంగం అంత ఎత్తు ఉండదు కాబట్టి ±26 రావాల్సిన చోట ±18 చుట్టుపక్కలకు పడిపోతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ తేడా ఉండదు.